అలాస్కన్ మాలమ్యూట్‌తో బరువు లాగించడం: హార్నెస్ కొలత నుంచి స్లెడ్ దాకా

మాలమ్యూట్‌కి లాగడం ఎవరూ నేర్పక్కర్లేదు. మెడపట్టీకి తాడు కట్టి వీధిలోకి తీసుకెళ్తే మొదటి రోజే మన భుజం పట్టేసేంత లాగుతుంది. నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. ఎప్పుడు లాగాలి, ఎప్పుడు ఆగాలి, తల దించి బరువు మీదికి ఎలా వాలాలి, బరువు కదలకపోతే బెదిరిపోకుండా ఎలా నిలబడాలి అన్నవి. వీటికి ముందు, దాని ఎముకలు ముదిరేదాకా మనం ఆగడం నేర్చుకోవాలి. ఈ జాతి కుక్కల్లో పనికి దూరమైనవాటిని చూస్తే, బలం చాలక ఆగిపోయినవి తక్కువ. తొందరపడి బరువు కట్టడం వల్లో, సరిపోని హార్నెస్ (లాగడానికి కుక్క ఒంటికి తొడిగే పట్టీల అల్లిక) వల్లో, ఎండ వల్లో పాడైనవే ఎక్కువ.

అలాస్కా వాయవ్య తీరంలో, కొట్జెబ్యూ సౌండ్ అనే సముద్రపు పాయ చుట్టూ ఉండే ఇనుపియాట్ ప్రజల్లో మాలెమ్యూట్ తెగవారు పెంచిన కుక్క ఇది. వేటాడిన మాంసాన్నీ, సామాన్లనీ మంచు మీద దూరాలకు లాగడం దీని పని. 1935లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఆ క్లబ్ ప్రమాణం ప్రకారం మగదానికి భుజం దగ్గర 25 అంగుళాల ఎత్తు, 85 పౌండ్ల బరువు, అంటే దాదాపు 38 కిలోలు. ఆడదానికి 23 అంగుళాలు, 75 పౌండ్లు, దాదాపు 34 కిలోలు. సైబీరియన్ హస్కీ దీనికంటే బాగా చిన్నది, మగది 27 కిలోలు దాటకూడదు. హస్కీ తేలిక బరువుతో వేగంగా పోతుంది, మాలమ్యూట్ పెద్ద బరువుతో నిదానంగా పోతుంది. హస్కీలతో పందేలు నడిపేవారి సలహాలు మాలమ్యూట్‌కి అన్నీ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ చెప్పేదంతా చలి ప్రాంతాల్లో, అంటే మినెసోటా, మిషిగన్, అల్బర్టా, ఒంటారియో లాంటి చోట్ల ఉంటూ మాలమ్యూట్‌ని పెంచుతున్న తెలుగువాళ్లకు. హైదరాబాద్, విజయవాడల్లో ఈ కుక్కతో బరువు లాగించొద్దు. అక్కడ చలికాలపు తెల్లవారుజాము కూడా ఈ పనికి వెచ్చనే. రెండు పొరల బొచ్చున్న జంతువుకి అక్కడ మనం చేయగల మేలు నీడ, ఏసీ గది, తెల్లవారకముందు చిన్న నడక. అంతకు మించి అడగడం న్యాయం కాదు.

వయసు, ఆరోగ్య పరీక్షలు

పెద్ద జాతి కుక్కల్లో కాళ్ల ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు 14 నుంచి 18 నెలల మధ్య మూసుకుంటాయి. అవి మూసుకోకముందు బరువు పడితే ఎముక వంకరగా పెరగొచ్చు, కీలు అరిగిపోవచ్చు. ఆ నష్టం అప్పుడు కనిపించదు, నాలుగైదేళ్ల వయసులో కుంటుగా బయటపడుతుంది. అందుకని 12 నెలల దాకా బరువు కట్టొద్దు. హార్నెస్ వేసుకోవడం, తాడు వెనక ఈడ్చుకుంటూ నడవడం, మాటలు నేర్చుకోవడం, వీటికే ఆ ఏడాది సరిపోతుంది. 12 నుంచి 18 నెలల మధ్య ఒంటి బరువులో ఇరవయ్యో వంతు, అంటే ఒకటిన్నర రెండు కిలోల చెక్క ముక్క చాలు. 18 నెలలు నిండాక పశువైద్యుడితో ఎక్స్‌రే తీయించి, పెరుగుదల పొరలు మూసుకున్నాయని చూసుకున్నాకే బరువు పెంచడం మొదలుపెట్టాలి.

తుంటి కీళ్ల ఎక్స్‌రే తప్పనిసరి. అమెరికాలో జంతువుల కీళ్ల ఎక్స్‌రేలు చూసి గ్రేడ్ ఇచ్చే ఓఎఫ్‌ఏ సంస్థ 24 నెలలు నిండిన కుక్కకే తుంటి కీళ్ల శాశ్వత గ్రేడ్ ఇస్తుంది, అప్పటిదాకా ఇచ్చేది ప్రాథమిక అంచనా. ఈ జాతిలో పాలీన్యూరోపతీ అనే నరాల జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. వెనక కాళ్లు తడబడతాయి, గొంతు మారుతుంది. దానికి జన్యు పరీక్ష ఉంది, కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడే తల్లిదండ్రుల ఫలితాలు అడగండి. థైరాయిడ్ తగ్గడం కూడా ఈ జాతిలో చూస్తాం. కారణం లేకుండా ఒళ్లు పెరిగి, పనంటే విసుగు చూపించే కుక్కని సోమరి అనుకోకముందు రక్త పరీక్ష చేయించండి.

హార్నెస్

డబ్బు, శ్రద్ధ అన్నిటికంటే ఎక్కువ పెట్టాల్సింది దీని మీద. ఒంగోలు గిత్తలు బండ లాగేటప్పుడు కాడి మూపురం ముందు, మెడ మీద ఆనుకుంటుంది. ఎద్దు బలం అక్కడ ఉంది. కుక్కకు అలా కాదు. దాని బలం రొమ్ము ఎముక మీద, రెండు భుజాల ముందు భాగం మీద పడాలి. మెడ మీద పడితే గొంతు నొక్కుకుంటుంది, భుజం కీలు మీద పడితే అడుగు ముందుకు సాగదు.

పనిని బట్టి రెండు రకాల హార్నెస్ కావాలి. మొదటిది ఎక్స్-బ్యాక్: వీపు మీద పట్టీలు కత్తెరలా దాటుకుని తోక మొదలు దగ్గర కలుస్తాయి. స్లెడ్‌కి, అంటే మంచు మీద జారే బండికి, ఇదే. అయితే ఇది తాడు నేలకు సమాంతరంగా, దూరం నుంచి లాగినప్పుడే సరిగ్గా కూర్చుంటుంది. అదే హార్నెస్‌తో మీ నడుం బెల్టుకు కట్టుకుని స్కీ మీద పోతే తాడు పైకి లేస్తుంది, వీపు మీది పట్టీలు వదులవుతాయి, మెడ దగ్గరి భాగం గొంతు మీదికి జారుతుంది. తాడు ఎత్తు నుంచి వచ్చే పనులకు పక్కటెముకల దగ్గరే ముగిసే పొట్టి హార్నెస్ వాడాలి.

రెండోది సరుకు లాగే హార్నెస్. ఇందులో పక్క పట్టీలు వీపు మీదికి ఎక్కకుండా పక్కటెముకల వెంట సూటిగా వెనక్కి పోయి, తొడల వెనక వేలాడే ఒక అడ్డకర్రకు కలుస్తాయి. అడ్డకర్ర చెక్కదైనా అల్యూమినియం గొట్టమైనా ఫర్వాలేదు. దాని పొడవు కుక్క వెనక భాగపు వెడల్పు కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. పొట్టిదైతే పక్క పట్టీలు తొడలను రాస్తాయి. ఎత్తు వెనక కాలి మడమ కీలు దగ్గరకు రావాలి. కుక్క కాలు పూర్తిగా వెనక్కి చాచినప్పుడు కూడా కర్రకీ కాలికీ మధ్య బెత్తెడు జాగా ఉండాలి. లేకపోతే ఆగిన ప్రతిసారీ కర్ర వచ్చి మడమకు కొడుతుంది. రెండుసార్లు దెబ్బ తిన్న కుక్క ఆగడానికి భయపడుతుంది, లేదా వెనక్కి తిరిగి చూస్తూ లాగుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పడుతుంది.

పట్టీ వెడల్పు పందెం కుక్కలకు 25 మిల్లీమీటర్లు చాలు. మాలమ్యూట్‌కి 38 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి మెత్త నీళ్లు పీల్చని ఫోమ్ అయితే మేలు. ఉన్నిలాంటి మెత్త చెమ్మ పట్టి, గడ్డకట్టి, గరుకు కాగితంలా చర్మాన్ని రాస్తుంది.

కొలత తీసుకునేటప్పుడు టేపుని బొచ్చు మీద వదులుగా పెట్టొద్దు, బొచ్చు అణిగేలా బిగించి చూడండి. మూడు కొలతలు కావాలి: మెడ భుజాలతో కలిసే చోట చుట్టుకొలత, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజాల మిట్ట నుంచి తోక మొదలు దాకా పొడవు. మెడ రంధ్రం తల మీదుగా కాస్త కష్టపడి దిగాలి. సులువుగా దిగిందంటే పెద్దదైపోయినట్టే. తొడిగేటప్పుడు ముందు కాలిని మోచేయి దగ్గర మడిచి, ముందుకు తెచ్చి పట్టీలోంచి దాటించండి, పక్కకు లాగొద్దు. తర్వాత తోక దగ్గరి కొక్కేన్ని పట్టుకుని, తాడు ఏ ఎత్తులో వస్తుందో ఆ ఎత్తులోనే వెనక్కి గట్టిగా లాగండి. ఒకరు ముందు నిలబడి చూడాలి. రొమ్ము మీది కోణం ఎముక మీదే ఆగిందా? గొంతు గొట్టం ఖాళీగా ఉందా? మెడ పట్టీ కింద రెండు వేళ్లు పరచి దూర్చగలరా? చంక దగ్గర పట్టీ రాయకుండా మూడు వేళ్ల జాగా ఉందా? ఊరికే నిలబడి ఉన్నప్పుడు చూసిన కొలత లెక్కలోకి రాదు. బరువు పడినప్పుడు హార్నెస్ వేరేలా కూర్చుంటుంది.

లాగిన తర్వాత చంకలోనో రొమ్ము మీదో బొచ్చు విరిగి కనిపిస్తే అక్కడ హార్నెస్ రాస్తోందని అర్థం. కుక్క సూటిగా కాకుండా ఎండ్రకాయలా పక్కకు వాలి లాగుతుంటే ముందు పట్టీల పొడవు రెండు వైపులా సమానమేనా చూడండి. సమానమైతే భుజంలో నొప్పి ఉండొచ్చు, ఆ రోజు పని ఆపి పశువైద్యుడికి చూపించాలి. దగ్గుతూ లాగుతుంటే మెడ రంధ్రం పెద్దది. పని అయిపోగానే హార్నెస్ విప్పేయాలి. ఒంటరిగా వదిలితే నమిలేస్తుంది. అలా పాడైన కుట్టు పైకి కనిపించదు, బరువు పడ్డప్పుడే తెగుతుంది.

తాళ్లు, కొక్కేలు, మెడపట్టీ

మెడపట్టీ కొంచెం మాత్రమే బిగిసే రకం వాడాలి. పూర్తిగా వదులైనది వెనక్కి జారి తలమీంచి వచ్చేస్తుంది, పూర్తిగా బిగిసే గొలుసు ఊపిరాడనివ్వదు. దాని మీద బరువు ఎప్పుడూ కట్టకూడదు.

అల్లిన పాలీఇథిలీన్ తాడు మంచిది. నీళ్లు పీల్చదు, గడ్డకట్టినా వంగుతుంది, నీళ్లలో తేలుతుంది. స్లెడ్ నుంచి కుక్కల మధ్యగా ముందుకు పోయే మధ్య తాడు 10 మిల్లీమీటర్లు, కుక్క నుంచి దానికి వచ్చే లాగుడు తాడు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. లాగుడు తాడు పొడవు కొక్కేలతో కలిపి ఒకటిన్నర మీటరు దాకా. జంటగా కట్టినప్పుడు మెడపట్టీ నుంచి మధ్య తాడుకు 30 సెంటీమీటర్ల సన్నని తాడు ఒకటి ఉంటుంది. అది కుక్క పక్కకు తిరగకుండా చూడటానికి మాత్రమే, లాగడానికి కాదు. అది ఎప్పుడూ బిగుసుకుని ఉందంటే ఆ కుక్క మిగతావాటి వేగాన్ని అందుకోలేకపోతోందని. అది సన్నగా ఉండటమే మంచిది: చెట్టుకు ఇరువైపులా చెరో కుక్క పోతే ముందు అదే తెగాలి, మెడ కాదు.

కొక్కేలు ఇత్తడివో కంచువో కొనండి. ఇనుపవి తుప్పు పట్టి, మంచులో బిగుసుకుపోయి, చేతి తొడుగుతో తెరుచుకోవు. తాళపుచెవులకు వేలాడదీసే రంగురంగుల కారబైనర్లు బరువు మోయడానికి చేసినవి కావు. స్లెడ్‌ని తాళ్లకు కలిపే చోట బరువు సామర్థ్యం ముద్రించిన కారబైనర్ వాడండి. స్లెడ్‌కీ మధ్య తాడుకీ నడుమ రబ్బరు సాగుడు తాడు పెడితే మొదటి కుదుపు కుక్క భుజాల మీద కాకుండా ఆ రబ్బరు మీద పడుతుంది. ఇది ఖర్చు తక్కువ, ఉపయోగం చాలా ఎక్కువ. చాలామంది దీన్ని వదిలేస్తారు.

మాటలు

పనికి హార్నెస్, నడకకు మెడపట్టీ. ఈ తేడాని మొదటి రోజు నుంచి పాటించండి. మెడపట్టీతో ఉన్నప్పుడు లాగితే అక్కడే ఆగిపోండి, ఒక్క అడుగూ వేయొద్దు. హార్నెస్‌తో ఉన్నప్పుడు తాడు బిగిస్తే మెచ్చుకోండి. కుక్క ఈ రెంటినీ బట్టల్లాగే గుర్తుపడుతుంది, కొద్ది వారాల్లోనే ఏది వేస్తే ఎలా ఉండాలో తెలుసుకుంటుంది.

స్లెడ్ నడిపేవారంతా వాడే మాటలు ఇవి: బయల్దేరడానికి ‘హైక్’, కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’, ఆగడానికి ‘వో’, నిదానానికి ‘ఈజీ’, దేన్నైనా పట్టించుకోకుండా దాటిపోవడానికి ‘ఆన్ బై’, తాడు బిగించి ముందుకు చూస్తూ నిలబడటానికి ‘లైన్ అవుట్’. మీ కుక్క ఒక్కటే అయితే కుడి, ఎడమ అని తెలుగులో చెప్పినా నేర్చుకుంటుంది. రేపు వేరేవాళ్ల జట్టులో కట్టే ఆలోచన ఉంటే మాత్రం ఈ మాటలే నేర్పండి. ఏ మాటైనా ఇంట్లో అందరూ ఒకేలా అనాలి.

జీ, హా నేర్పడానికి బరువు అక్కర్లేదు. రోజూ నడిచే దారిలో మలుపు రెండడుగుల దూరంలో ఉండగా మాట చెప్పి, తిరిగిన క్షణంలోనే మెచ్చుకోండి. తిరిగిన తర్వాత చెబితే అది మాటని మలుపుతో జత చేసుకోదు. అన్నిటికంటే కష్టమైనది ఆన్ బై. ఈ జాతికి వేట బుద్ధి బలంగా ఉంటుంది. కుందేలు, జింక, ఎదురొచ్చే కుక్క, వీటిని దాటిపోవడం నేర్వని మాలమ్యూట్‌ని స్లెడ్‌కి కట్టడం ప్రమాదం. ముందు ఇంటి ముందు రొట్టె ముక్క నేల మీద పెట్టి దాటించండి, తర్వాత కంచె అవతలి కుక్క, ఆ తర్వాత దారి మీది కుక్క.

మొదటి బరువు

ముందు వారం రోజులు తిండికి ముందు అయిదేసి నిమిషాలు హార్నెస్ తొడిగి విప్పేయండి. తర్వాత రెండు మీటర్ల తాడు ఒక్కటే వెనక ఈడ్చుకుంటూ నడవనివ్వండి. తాడు వెనక కాళ్లకు తగిలినా గెంతకుండా ఉండేదాకా ఇదే చేయాలి.

తర్వాత చెక్క ముక్క. కుక్కను భయపెట్టేది చెక్క బరువు కాదు, వెనకనుంచి వచ్చే గరగర శబ్దం. అందుకని మొదటి సారి ఇద్దరు ఉండాలి. ఒకరు కుక్క పక్కన నడుస్తారు. రెండోవారు చెక్కకు కట్టిన మరో తాడుని వెనకనుంచి పట్టుకుంటారు, కుక్క ఆగినా చెక్క జారివచ్చి కాళ్లకు తగలకుండా. గడ్డి మీద మొదలుపెట్టండి, శబ్దం తక్కువ. మూడు నాలుగు రోజులకు మట్టిదారి. ఎక్కడైనా బెదిరితే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. బెదిరిన కుక్కని ‘అలవాటవుతుందిలే’ అని బలవంతంగా నడిపిస్తే అది జీవితాంతం వెనక్కి చూస్తూనే లాగుతుంది.

మీరు పక్కనుంచి వెనక్కి జరగడం మరో కష్టమైన మెట్టు. పక్కన ఉన్నంతసేపూ చక్కగా నడిచిన కుక్క, మీరు వెనక్కి రాగానే తిరిగి మీ దగ్గరికి వచ్చేస్తుంది. ఇరువైపులా కంచె ఉన్న సన్న దారి వెతుక్కోండి. రోజుకు అరడుగు చొప్పున వెనక్కి జరగండి. ముందు ఇంకొకరు నడిస్తే తేలిక, కానీ వాళ్లని మెల్లగా తప్పించాలి. లేకపోతే ఎదురుగా మనిషి లేనిదే కదలని కుక్క తయారవుతుంది.

టైరుతో సాధన

ఎదిగిన కుక్కకు కారు టైరు మంచి సాధన వస్తువు. చిన్న కారు టైరు 7, 8 కిలోలు ఉంటుంది. టైరు గాళ్లున్న ముఖం మధ్యలో ఒక బెజ్జం వేసి, కన్నున్న బోల్టుని రెండు వైపులా వెడల్పాటి వాషర్లతో, లోపల నైలాన్ వలయమున్న నట్టుతో బిగించండి. మామూలు నట్టు కుదుపులకు వదులై ఊడిపోతుంది. ఎదురు వైపున నేలకు తగిలే చోట రెండు చిన్న బెజ్జాలు వేస్తే నీళ్లు, మంచు లోపల నిలవవు. తాడు రెండున్నర నుంచి మూడు మీటర్లు ఉండాలి. తారు రోడ్డు మీద లాగించొద్దు. పాదాల మెత్తలు అరిగిపోతాయి, టైరు పట్టేసి కుదుపులు ఇస్తుంది.

ఎంత బరువు కట్టామన్నదాని కంటే ఎంత బలంతో లాగాల్సి వస్తోందన్నది ముఖ్యం. ఎండిన నేల మీద 8 కిలోల టైరుకి దాదాపు 5, 6 కిలోల లాగుడు కావాలి. గట్టిపడిన మంచు మీద ప్లాస్టిక్ స్లెడ్‌లో 30 కిలోలు పెట్టినా లాగుడు 2, 3 కిలోలు దాటకపోవచ్చు. ఒక స్ప్రింగ్ కాటా కొనుక్కుని, తాడుకీ బరువుకీ మధ్య తగిలించి, నేల మారినప్పుడల్లా మీరే లాగి చూడండి. వర్షం పడిన గడ్డికీ ఎండిన గడ్డికీ తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

38 కిలోల ఆరోగ్యమైన మగ కుక్కకు మేం చెప్పే మెట్లు ఇవి. మొదటి రెండు వారాలు 2 కిలోలు, 400 మీటర్లు, వారానికి మూడు రోజులు. తర్వాత వారానికి 2 కిలోల చొప్పున పెంచుతూ, ఒంటి బరువులో నాలుగో వంతుకి, అంటే 9 కిలోల దగ్గర ఆగండి. అక్కడినుంచి బరువు పెంచకుండా దూరం పెంచండి, రెండు మూడు కిలోమీటర్ల దాకా. ఒకే వారంలో బరువు, దూరం రెండూ పెంచడమే నడుం కండరాలు, భుజం స్నాయువులు పట్టేయడానికి ముఖ్య కారణం. మూడు నెలలు ఇలా నడిచాక వారంలో ఒక రోజు పెద్ద బరువు: ఒంటి బరువంత ఈడ్పు బరువుతో 15 మీటర్ల లాగుళ్లు ఆరు, ఒక్కోదాని మధ్య రెండు నిమిషాల విరామం. ఆ తర్వాత 48 గంటలు బరువు ముట్టనివ్వొద్దు.

పెద్ద బరువు కదలకపోతే కుక్క పక్కన నిలబడి, మీరే వెనకనుంచి కొంచెం తోసి కదిలించండి, తర్వాత బరువు తగ్గించండి. ఆ రోజు చివరి లాగుడు ఎప్పుడూ అది గెలిచేదై ఉండాలి. కదలని బరువు దగ్గర రెండు మూడుసార్లు ఓడిపోయిన కుక్క, తర్వాత కదిలే బరువుని కూడా ప్రయత్నించకుండా వదిలేస్తుంది. బాగా నేర్చిన కుక్క బరువు పట్టేసినప్పుడు గెంతదు. తల దించి, కొంచెం ఎడమకు, కొంచెం కుడికి వాలి, పట్టు వదిలించి, చిన్న చిన్న అడుగులతో సాగిపోతుంది. ఆ వాలడం కనిపించిన క్షణంలోనే మెచ్చుకోవాలి.

బరువు లాగుడు పోటీలకు వెళ్లాలనుకుంటే ఈ సాధనే పునాది. ఉత్తర అమెరికాలో సాధారణ నియమం 16 అడుగుల దూరం, 60 సెకన్ల గడువు. నడిపేవారు కుక్కని తాకకూడదు. చక్రాల బండి మీద, మంచు మీద, పట్టాల మీద వేర్వేరుగా జరుగుతాయి కాబట్టి ఒకదాని బరువుని ఇంకోదానితో పోల్చొద్దు.

ఎండ, నీళ్లు, తిండి

15 డిగ్రీల సెల్సియస్ దాటితే బరువు పని లేదు. గాలిలో తేమ ఎక్కువుంటే 10 డిగ్రీలకే ఆపండి. మాలమ్యూట్ ఆపమని అడగదు, పడిపోయేదాకా లాగుతుంది. నాలుక చివర వెడల్పై గరిటెలా వేలాడటం, చిగుళ్లు ఇటుక రంగుకి తిరగడం, వెనక కాళ్లు తడబడటం చూస్తే అక్కడే హార్నెస్ విప్పండి. మామూలు చల్లని నీళ్లు పొట్ట మీద, తొడల లోపలి వైపు పోసి గాలి తగలనివ్వండి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు. పని తర్వాత 40 దాకా పోయి దిగుతుంది. 41 చూపిస్తే అది ప్రాణాపాయం, తడుపుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చలిలో కుక్కలు నీళ్లు తాగడం మర్చిపోతాయి. పనికి రెండు గంటల ముందు అర లీటరు నుంచి లీటరు గోరువెచ్చని నీళ్లలో కాస్త మాంసం రసం కలిపి పెట్టండి. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన మన ఇంటి కూర రసం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పెద్ద భోజనానికీ పనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. లోతైన ఛాతీ ఉన్న జాతి కాబట్టి నిండు కడుపుతో పరిగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

అలాస్కాలో జరిగే ఇడిటరోడ్ స్లెడ్ పందెంలో పరిగెత్తే కుక్కలు రోజుకు 10,000 కిలోకేలరీల దాకా తింటాయని చదివి మీ కుక్కకు అలా పెట్టొద్దు. మాలమ్యూట్ తక్కువ తిండితో బతకగల జాతి. 35 కిలోల కుక్కకు కదలకుండా పడుకున్నా దాదాపు 1,000 కిలోకేలరీలు కావాలి. ఇంటి జీవితానికి 1,400 చుట్టూ సరిపోతుంది. పని రోజుల్లో పక్కటెముకలు తడిమి చూస్తూ పెంచుకోండి: బొచ్చు కింద ఎముకలు తేలిగ్గా తగలాలి, కంటికి కనిపించకూడదు. పెంచేది కొవ్వు రూపంలో పెంచండి, అన్నం రూపంలో కాదు. కళ్లు, మూతి చుట్టూ పొక్కులు కట్టి బొచ్చు రాలితే జింక్ లోపం కావచ్చు, ఉత్తరాది జాతుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. బిళ్లలు మీరే మొదలుపెట్టకుండా వైద్యుడిని అడగండి.

పాదాలు

వేళ్ల మధ్య పొడవుగా పెరిగే బొచ్చుకి మంచు ఉండలు కట్టి, నడుస్తుంటే రాళ్లలా గుచ్చుకుంటాయి. మెత్తల అంచు దాకా బొచ్చు కత్తిరించండి, అంతకంటే లోపలికి వద్దు. గట్టి మంచు గీసుకునే చోట నైలాన్ సాక్సులు తొడగాలి. కాలి మణికట్టు దగ్గర పట్టీ వేలు దూరేంత వదులుగా ఉండాలి. బిగిస్తే రక్తం ఆడక పాదం గడ్డకట్టే ప్రమాదం. ఎక్కువసేపు ఆగినప్పుడు విప్పేయండి. రోడ్ల మీద చల్లే ఉప్పు మెత్తలను పగలగొడుతుంది, ఇంటికి రాగానే కడిగి తుడవాలి.

స్లెడ్‌కి కట్టడం

ఒక్క కుక్కే ఉంటే పెద్ద స్లెడ్ అక్కర్లేదు. పల్క్ అనే చిన్న ప్లాస్టిక్ స్లెడ్, దానికి తాడు బదులు రెండు గట్టి కర్రలు, సరిపోతుంది. కర్రల వల్ల దిగుడులో స్లెడ్ జారి కుక్క కాళ్ల మీదికి రాదు. శీతాకాలపు శిబిరాలకు సామాన్లు లాగించాలంటే మాలమ్యూట్ ఉన్న ఇంట్లో ఇంతకంటే పనికొచ్చే వస్తువు లేదు.

మనిషి నిలబడే స్లెడ్‌కి కనీసం రెండు కుక్కలు కావాలి. మొదటి శీతాకాలంలో ఒక్కో కుక్కకు దాని ఒంటి బరువుకి మించి స్లెడ్ మీద లేకుండా చూసుకోండి. 75 కిలోల మనిషి, 15 కిలోల స్లెడ్ అంటే ఇద్దరికీ ఎక్కువే, కాబట్టి చదునులో ఒక కాలితో తోస్తూ, ఎక్కుడులో దిగి నెడుతూ పోవాలి. సరుకు అడుగునే సర్దండి, పెద్ద బరువులు మధ్యకు కొంచెం వెనగ్గా. ముందు బరువు పెడితే స్లెడ్ తిరగదు, పైన పెడితే మలుపులో పడుతుంది. గోళ్ల బ్రేక్, రబ్బరు ఈడ్పు చాప, మంచు కొంకి, చెట్టుకు కట్టేసే తాడు, ఈ నాలుగూ లేకుండా బయల్దేరొద్దు. కొంకినీ, కట్టేసే తాడునీ స్లెడ్ చట్రానికి కాకుండా లాగుడు తాళ్లు కలిసే చోటికే కట్టాలి. చట్రానికి కడితే కుక్కలు ఒక్క ఉదుటున లాగినప్పుడు చట్రం విరుగుతుంది. కొంకిని కాలితో తొక్కి గట్టి మంచులోకి దింపాలి. పొడి మంచులో అది నిలవదు, అక్కడ చెట్టే దిక్కు.

కట్టే క్రమం: ముందు స్లెడ్‌ని చెట్టుకు కట్టండి, తాళ్లు పరవండి, తర్వాత కుక్కల్ని ఒక్కొక్కటిగా, ముందు నడిచేదాన్ని మొదట కట్టండి. అది లైన్ అవుట్‌లో నిలబడితే మిగతావి చిక్కుపడవు. స్లెడ్‌కి దగ్గరగా ఉండేది బలమైనదై, కుదురుగా ఉండాలి. స్లెడ్ కుదుపులన్నీ ముందు దాని మీదే పడతాయి. కొత్త కుక్కని అనుభవమున్నదాని పక్కన, వేరే లింగం దానితో జత కట్టండి. ఈ జాతిలో మగవి మగవాటితో, ఆడవి ఆడవాటితో తీవ్రంగా పోట్లాడతాయి, బయల్దేరే ముందరి ఉత్సాహంలో మరీ ఎక్కువ. విశ్రాంతికి గొలుసుకు కట్టేటప్పుడు కూడా ఒకదాని మూతి ఇంకోదానికి అందని దూరం పెట్టాలి.

మొదటి ప్రయాణాలు రెండు కిలోమీటర్లు దాటొద్దు. మాలమ్యూట్ వేగం గంటకు 8 నుంచి 10 కిలోమీటర్ల పరుగు నడక, దాన్ని తరమొద్దు. దిగుడులో బ్రేక్ మీద కాలు ఉంచి లాగుడు తాళ్లు బిగువుగా ఉండేలా చూడండి. తాడు వదులైతే కాళ్లకు చుట్టుకుంటుంది. పడిపోయినా స్లెడ్‌ని వదలకండి. మనిషి లేని స్లెడ్‌ని లాక్కుంటూ పోయే కుక్కలు దేనికైనా తగులుకునేదాకా ఆగవు. అలాగే ఈడ్చుకుపోబడుతూనే వో అంటూ బ్రేక్ అందుకోండి.

ఇంటికొచ్చాక హార్నెస్‌ని పొయ్యి దగ్గర కాకుండా గది గాలికి ఆరబెట్టండి. భుజాలు, చంకలు, మణికట్లు, వేళ్ల సందులు చేత్తో తడిమి చూడండి. మర్నాడు పొద్దున లేచి మొదటి పది అడుగులు ఎలా వేస్తుందో గమనించండి. రాత్రికి కనిపించని నొప్పి అప్పుడు బయటపడుతుంది.

వేసవంతా పని ఆగిపోతుంది కాబట్టి, శరత్కాలంలో పోయిన ఏడాది బరువులో మూడో వంతుతో మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటికి కొత్త బొచ్చు వచ్చి ఉంటుంది, ఒళ్లు మారి ఉంటుంది. టైరు కట్టే ముందు హార్నెస్ కొలతలు మూడూ మళ్లీ తీసుకోండి.